ఇంటి ఫీడర్ మీద ఎల్‌సీ

మా సబ్‌స్టేషన్‌లో అతని అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. అందరికీ ఫ్యూజన్నే. నాకంటే నాలుగేళ్లు చిన్న కాబట్టి నాకు మాత్రం ఉత్త ఫ్యూజు. లైన్‌మన్‌గా ఇరవై రెండేళ్ల సర్వీసు, ఎడమ చెవి కింద కాలిన మచ్చ, ముక్కు మీద కోపం. ఆ పేరు చేసే పనిని బట్టి వచ్చిందని కొత్తవాళ్లు అనుకుంటారు. కాదు, ఎప్పుడు ఎగిరిపోతాడో తెలీదని మేమే పెట్టాం. నిచ్చెన పట్టుకున్నవాడు ఆవలించినా సరే ఒంటికాలి మీద లేచేవాడు. పది నిమిషాలయ్యాక తనే వెళ్లి వాడి భుజం మీద చెయ్యేసి "ఏరా, తిన్నావా" అనేవాడు. ఆ పది నిమిషాల్లో ఎదుటివాడి మనసు ఎంత నొచ్చుకుందో అతనికి పట్టేది కాదు.

నేను అక్కడే ఆపరేటర్ని. కంట్రోల్ రూంలో ప్యానెల్ ముందు కూర్చుని ఏ ఫీడర్‌కి, అంటే ఏ పేటకెళ్లే లైనుకి, కరెంటు పోవాలో, ఏది ఆగాలో చూసుకుంటాను. మా క్వార్టర్లు పక్కపక్కనే. ఫ్యూజు నన్ను అక్కా అంటాడు, క్లినిక్‌లో పనిచేసే అతని భార్య వదినా అంటుంది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు అత్తా అనేది. ఇప్పుడు ఏమీ అనదు. అనకపోవడంలో తప్పు ఆ పిల్లది కాదు, నాది.

మా పనిలో ఎల్‌సీ అని ఒకటుంది. లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు నాకు ఫోన్ చేసి, ఫలానా ఫీడర్ మీద ఎల్‌సీ కావాలంటాడు. నేను కరెంటు తీసేసి, బ్రేకర్‌కి 'మనుషులు పనిలో ఉన్నారు' అనే బోర్డు తగిలించి, ఒక నంబరు ఇస్తాను. పని అయ్యాక, తీసుకున్న మనిషే తన నోటితో ఆ నంబరు చెప్పి వాపసు ఇవ్వాలి. అప్పటిదాకా ఊరంతా ఉక్కపోతలో ఉడికిపోతున్నా, ఎంత పెద్దవాడు ఫోన్ చేసి గుడ్లురిమినా, స్విచ్ మీద చెయ్యి పడకూడదు.

ఫ్యూజుకి మొదట్లో ఒక జోడీ ఉండేవాడు. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. ఒక మధ్యాహ్నం ఆ జోడీ ఇంకా స్తంభం మీద ఉండగానే, కింద నిలబడ్డ మనిషి "ఆయన దిగిపోతున్నాడు, పనయిపోయినట్టే" అని అతని బదులు ఎల్‌సీ వాపసు ఇచ్చేశాడు. నాకు ముందున్న ఆపరేటరు లైన్ ఇచ్చేశాడు. జోడీ స్తంభం మీదే పోయాడు. ఫ్యూజు చెవి కింద మచ్చ అతన్ని దించబోయినప్పటిది. ఆ తర్వాత ఫ్యూజు ఇంకెవర్ని నమ్మాడో నాకు తెలీదు గానీ, ఎల్‌సీని మాత్రం నమ్మాడు.

పిల్లకి అన్నీ తండ్రి పోలికలే. పదమూడు నిండేసరికి ఆ కోపం కూడా వచ్చేసింది. లెక్కల్లో క్లాసుకి ఫస్టు, టీచరు బోర్డు మీద చేసిన తప్పు బెంచీలోంచే చెప్పగలిగేది. అలాంటి బుర్ర కోపమొస్తే రెండు రెళ్లు ఎంతో చెప్పలేదు. జామెట్రీ బాక్సు గోడకేసి కొట్టేది, తర్వాత వంగిన కంపాసు సరిచేసుకుంటూ కూర్చుని ఏడ్చేది. తండ్రి అరిస్తే అంతకంటే పెద్దగా అరిచేది. మధ్యలో తల్లి నెత్తీ నోరూ కొట్టుకునేది. ఒకరోజు ఫ్యూజు పిల్ల చెంప మీద కొట్టాడు. ఐదు వేళ్లూ తేలాయి. మర్నాడు డ్యూటీకి వచ్చి, స్తంభం ఎక్కనంటూ మా మెట్ల మీద కూలబడ్డాడు.

"అక్కా, లైన్ పని మీద ఉన్నప్పుడు నాకు కోపం రాదు. ఎందుకంటావ్?"

"వస్తే చస్తావు గనక."

"అది కాదక్కా. ఎక్కే ముందు ఆగాలి. ఏ లైనో చెప్పాలి, ఏం పనో చెప్పాలి, ఎంతసేపో చెప్పాలి. అవన్నీ చెప్పేసరికి బుర్ర దానంతటదే కుదురుకుంటుంది. ఇంట్లో ఆ ఆగడమే లేదు."

ఆ సాయంత్రమే, ఆఫీసులో మూలపడున్న పాత ఎల్‌సీ పుస్తకం ఒకటి ఇంటికి పట్టుకెళ్లాడు. ఎవరికి కోపమొచ్చినా అరవకూడదు, పుస్తకం తీసి రాయాలి. ఏ లైను, అంటే ఎవరి మీద. ఏం జరిగింది. నేననుకున్న కారణం ఏమిటి. ఇంకేదైనా కారణం ఉండొచ్చా. ఎంతసేపు కావాలి. ఒకరు రాసింది ఇంకొకరు చదవకూడదు. లైన్లో ఫాల్టు వస్తే మొదట కనపడ్డ స్తంభం ఎక్కేయం మేము. లైన్‌ని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కా పరీక్షించి, ఫాల్టు ఎక్కడుందో తేలుస్తాం. కోపాన్నీ అలాగే వెతకాలని పిల్లకి నేర్పాడు. ఎల్‌సీ తీసుకున్న మనిషిని ఇంట్లో ఎవరూ పలకరించకూడదు, బతిమాలకూడదు, మొహంలోకి చూడకూడదు, ఆ మనిషే వాపసు ఇచ్చేదాకా.

తగువులో ఉన్నవాళ్లు ఆపరేటర్లు కాకూడదు కదా, ఆ ఉద్యోగం కూడా నా నెత్తినే పడింది. క్వార్టర్లకీ కంట్రోల్ రూంకీ డిపార్ట్‌మెంటు ఫోను ఉంది. పిల్ల ఫోన్ చేసి "అత్తా, ఇంటి ఫీడర్ మీద ఎల్‌సీ" అనేది. నేను నంబరు ఇచ్చేదాన్ని. వాపసు ఇచ్చాక, వాళ్ల అమ్మానాన్నలకి "ఇక మాట్లాడుకోవచ్చు" అని కబురు చెప్పడం కూడా నా పనే.

నవ్వుకోకండి, పనిచేసింది. రెండేళ్లు శుభ్రంగా పనిచేసింది. పుస్తకం పిల్ల స్కూలు సంచీలోనే ఉండేది, ఒకసారి నా కంటబడితే తిరగేశాను. "లైను: అమ్మ. జరిగింది: జడ పీకి పెట్టింది. నేననుకున్న కారణం: నేనంటే కక్ష. ఇంకో కారణం: క్లినిక్‌కి లేటయింది. కావలసిన సమయం: పావుగంట." ఇంకో పేజీలో ఫ్యూజు కోడిగీతలు: "లైను: కూతురు. జరిగింది: ఎదురు మాట్లాడింది. నేననుకున్న కారణం: పొగరు. ఇంకో కారణం: అది చెప్పిందే కరెక్టు." చదివి కడుపుబ్బ నవ్వాను. ఆ తర్వాత పేజీకి నవ్వు ఆగిపోయింది. "లైను: నాన్న. జరిగింది: ఆ రోజు కొట్టాడు. ఇంకో కారణం: ఉందేమో, నాకు దొరకలేదు. కావలసిన సమయం: తెలీదు." ఎప్పటి దెబ్బో అది. పిల్ల ఇంకా వెతుక్కుంటూనే ఉంది. నేను ఆ పేజీ చూశానని ఎవరికీ చెప్పలేదు.

పిల్లకి పదిహేనేళ్లు వచ్చాయి, స్కూల్లో ఆఖరి ఏడాది. ఆ ఏడాది చివర్లో ఒక మంగళవారం, మధ్యాహ్నం మూడు నలభైకి కంట్రోల్ రూంలో ఫోన్ మోగింది.

"అత్తా, ఎల్‌సీ కావాలి."

పరిగెత్తుకొచ్చినట్టుంది, గొంతులో ఊపిరి నిలవడం లేదు.

"పుస్తకంలో రాశావా?"

"పుస్తకం లేదు. నోటిమాటగా ఇవ్వు."

"ఎంతసేపు?"

"తెలీదు. ఇచ్చెయ్ అత్తా, ప్లీజ్."

నంబరు ఇచ్చి, నా లాగ్ పుస్తకం అట్టకి లోపలివైపు పెన్సిల్‌తో రాసుకున్నాను. పుస్తకం ఎందుకు లేదని అడగలేదు. అడిగుండాల్సింది.

గంట తర్వాత స్కూల్ నుంచి ఫ్యూజుకి కబురొచ్చింది. పిల్ల తన స్నేహితురాలిని మెట్ల మీంచి తోసేసింది. కళ్లజోడు అని పిలుస్తాం ఆ స్నేహితురాలిని. చిన్నప్పటి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ, సగం సాయంత్రాలు మా క్వార్టర్ల దగ్గరే గడిపేవాళ్లు. ఆ పిల్ల ఐదు మెట్లు దొర్లి పడింది. మణికట్టు విరిగింది, అద్దం పగిలి కనుబొమ్మ చీరుకుపోయింది. కంటికి ఏమీ కాలేదు, అదొక్కటే అదృష్టం. ఎందుకు తోసిందో మా పిల్లా చెప్పలేదు, పడ్డ పిల్లా చెప్పలేదు.

హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషే. శుక్రవారం పదకొండింటికి కమిటీ కూర్చుంటుంది, పిల్ల వచ్చి ఏం జరిగిందో, ఎందుకు చేసిందో తన నోటితో చెప్పి, తప్పు ఒప్పుకోవాలంది. చెబితే పది రోజులు ఇంట్లో కూర్చోబెట్టి వదిలేస్తాం, చెప్పకపోతే పేరు కొట్టేస్తాం అంది. ఆఖరి పరీక్షలకి పేర్లు పంపాల్సింది కూడా ఆ శుక్రవారమే. పేరు కొట్టేస్తే పరీక్షలు లేవు, ఏడాది పోయినట్టే.

ఫ్యూజు ఇంటికొచ్చేసరికి నేను గుమ్మంలోనే ఉన్నాను. అతని మొహం చూడగానే దారికి అడ్డంగా నిలబడ్డాను.

"ఎల్‌సీలో ఉంది," అన్నాను.

అతను ఆగాడు. చెప్పులు విడిచాడు. చెంబెడు నీళ్లు తాగాడు. పిల్ల గది ముందు కుర్చీ వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. గట్టిగా దగ్గను కూడా దగ్గలేదు. రెండేళ్ల కిందటి మనిషైతే ఆ తలుపు ఈపాటికి రెండు ముక్కలై ఉండేది. ఎంత మారాడు అనుకుని, సిగ్గు లేకుండా, నేను కూడా కొంచెం గర్వపడ్డాను.

బుధవారం పొద్దున్నే గాలి లేచింది. కొమ్మలు విరిగి లైన్ల మీద పడుతున్నాయి, ఫీడర్లు ఒకదాని తర్వాత ఒకటి ట్రిప్ అవుతున్నాయి. ఫ్యూజూ అతని మనుషులూ నాలుగు చోట్ల స్తంభాల మీద ఉన్నారు. ఒక చెవిలో ఎల్‌సీ ఇవ్వడం, ఇంకో చెవిలో వాపసు తీసుకోవడం, మధ్యలో ఇంకా కరెంటు రాలేదేమని జనం తిట్లు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. పన్నెండు దాటాక ఫోన్ మళ్లీ మోగింది.

"అత్తా, నేను. ఇంటి ఫీడర్ ఎల్‌సీ వాపసు ఇస్తున్నా." నంబరు కూడా చెప్పింది.

"సరే, తీసుకున్నాను. ఇక ఫోన్ పెట్టేయ్ తల్లీ, లైన్ మీద మనుషులున్నారు."

"నాన్నకి చెప్తావు కదా?"

"చెప్తాను, చెప్తాను."

పెట్టేశాను. చెయ్యి దాని అలవాటు కొద్దీ టైమూ నంబరూ రాసేసింది. బుర్ర మాత్రం మూడో ఫీడర్ స్తంభం మీద ఉంది. ఆ రోజు నేను పదహారు గంటలు ఏకబిగిన కూర్చున్నాను. ఇంటికొచ్చి ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. ఆ ఫోన్ నాకు మళ్లీ గుర్తు రాలేదు. ఎంత ఆలోచించినా, ఎలా మర్చిపోయానో ఇప్పటికీ అర్థం కాదు. లైన్ మీది మనుషుల్లో ఒక్కడి వాపసు కూడా మర్చిపోని దాన్ని.

ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. పిల్ల మాత్రం అందరికీ తెలుసనుకుంది.

బుధవారం సాయంత్రం పిల్ల గది తలుపు తీసుకుని బయటికొచ్చింది. ఫ్యూజు కుర్చీలోంచి లేచి, ఆమె మీద చూపు పడకూడదని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తల్లి స్టవ్ వైపు తిరిగింది. పిల్ల కాసేపు అక్కడే నిలబడి, మళ్లీ లోపలికెళ్లి తలుపు వేసుకుంది. నియమం ప్రకారం అంతా సవ్యంగా జరిగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఆ పిల్లకి చోటిస్తున్నామనుకున్నారు.

గురువారం ఆమె నాలుగుసార్లు బయటికొచ్చిందట. నాలుగుసార్లూ వాళ్ల వీపులే చూసింది.

ఆ మధ్యాహ్నం తల్లి క్లినిక్‌కి సెలవు పెట్టి కంట్రోల్ రూం గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాకూడదని తెలుసు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడింది.

"వదినా, అది మా మొహాల్లోకి చూస్తోంది. ఏదో కావాలన్నట్టు చూస్తోంది. పొద్దున నేను గిన్నెలు కడుగుతుంటే వెనకాలే వచ్చి నిలబడింది. ఇంత దగ్గరగా. దాని ఊపిరి నా మెడకి తగిలింది వదినా. నేను తిరగలేదు."

"ఎందుకు తిరగలేదు?"

"తిరిగితే బతిమాలేస్తాను. బతిమాలితే మళ్లీ మొదటికొస్తుందని మీ తమ్ముడు ఒట్టు పెట్టించుకున్నాడు. రేపు పొద్దున్నే కమిటీ. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. నువ్వైనా ఒక్క మాట చెప్పు, ఈ ఒక్కసారికి తలుపు తట్టమను."

నేనేమన్నానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"వాపసు రాలేదు కదమ్మా. వచ్చేదాకా ఆగాలి. రెండేళ్లుగా మనల్ని కాపాడింది అదే కదా."

ఎంత పెద్దరికంగా అన్నానో! ఆమె తల ఊపి వెళ్లిపోయింది. లాగ్ పుస్తకం నా మోచేతి కిందే ఉంది.

సాయంత్రం డ్యూటీ దిగే ముందు ఫ్యూజు వచ్చాడు. మూడు రోజులుగా నిద్రలేక కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పొద్దుటి నుంచి అతను ఒక్కడి మీద కూడా అరవలేదని మా వాళ్లు బెదిరిపోయి ఉన్నారు.

"అక్కా, ఇంకో తండ్రి అయితే ఏం చేసేవాడో తెలుసా? వెళ్లి తలుపు తట్టేవాడు."

"తట్టాలనుందా?"

"ఆ రోజు కొట్టిన చెయ్యి ఇదే. దీంతో తలుపు తడితే, లోపల అది ఉలిక్కిపడదూ? అది తనంతట తను రావాలి. వస్తుంది. బుర్రున్న పిల్ల. ఏ ముక్కలో ఫాల్టుందో వెతుక్కుంటోంది, దొరగ్గానే వస్తుంది." ఆ మాట అంటూనే నా ఎదుట మొహం చేతుల్లో దాచుకున్నాడు. "రాకపోతే ఏం చెయ్యనక్కా? పదకొండింటికి నేనొక్కణ్ణే వెళ్లి వాళ్ల కాళ్ల మీద పడనా?"

భుజం తట్టి పంపించేశాను.

శుక్రవారం పొద్దున, గాలివాన రోజు లెక్క ఇంజనీరుగారికి పంపాలి కాబట్టి లాగ్ ముందేసుకున్నాను. ఎన్ని ఎల్‌సీలు ఇచ్చామో, ఎన్ని వాపసు వచ్చాయో రెండూ సరిపోవాలి. ఇచ్చినవి పదకొండు. వాపసు పన్నెండు. మళ్లీ లెక్కపెట్టాను. పన్నెండే. ఇవ్వని ఎల్‌సీ వాపసు ఎలా వస్తుంది? వేలుపెట్టి ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చాను. మధ్యాహ్నం పన్నెండూ పదికి, నా రాతే, ఒక నంబరు. ఏ ఫీడరుదీ కాదు. అట్ట తిప్పి లోపలివైపు చూశాను. మంగళవారం పెన్సిల్‌తో రాసుకున్న నంబరు అదే.

కుర్చీలోంచి ఎలా లేచానో తెలీదు. పక్క ఆపరేటర్ని ప్యానెల్ దగ్గర కూర్చోబెట్టి క్వార్టర్లకి పరిగెత్తాను. యాభై నాలుగేళ్ల దాన్ని, చెప్పులు కూడా లేవు. తొమ్మిదిన్నర అయింది. ఫ్యూజు ఇస్త్రీ చొక్కా వేసుకుని పిల్ల తలుపు ముందు నిలబడి ఉన్నాడు, ఇంకా తట్టకుండానే. తల్లి గుమ్మం పట్టుకుని ఉంది.

"వాపసు ఇచ్చేసింది," అన్నాను. "బుధవారం మధ్యాహ్నమే ఇచ్చేసింది. నేను తీసుకుని, చెప్పడం మర్చిపోయాను."

నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. అతను నావైపు చూశాడు గానీ, నేనక్కడ ఉన్నట్టే లేదు ఆ చూపులో. రెండో క్షణంలో తలుపు మీద రెండు అరచేతులూ వేసి బాదుతున్నాడు.

"అమ్మలూ! అమ్మలూ, మాకు తెలీదే! మాకెవరికీ తెలీదే తల్లీ!"

తలుపు వెంటనే తెరుచుకుంది. పిల్ల యూనిఫాం వేసుకుని, జడ వేసుకుని, సంచీ తగిలించుకుని సిద్ధంగా ఉంది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహం కాదు. అలా ఉన్నా నాకు కాస్త ప్రాణం కుదుటపడేది. అందులో ఏమీ లేదు. తల్లి వాటేసుకుంటే నిలబడింది, అంతే. నేను చేతులు పట్టుకుని "తప్పంతా నాదేనమ్మా" అంటే విడిపించుకుంది.

"పదండి, టైమవుతోంది," అంది.

స్కూల్లో పొడుగాటి బల్లకి అటువైపు ఐదుగురు, ఇటువైపు మేము. కిటికీ అవతల చిన్నపిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. నేను ముందే లేచి, ఇలా ఎల్‌సీ అనీ, వాపసు అనీ, నేను మర్చిపోయాననీ గడగడా చెప్పాను. మీరు పిల్లకి ఏమవుతారని ఒకాయన అడిగాడు. పక్కింటిదాన్నన్నాను. ఆయన చాలా మర్యాదగా కూర్చోమన్నాడు. ఆ గదిలో నా మాటలు నాకే పిచ్చిదాని మాటల్లా వినపడ్డాయి.

హెడ్‌మిస్ట్రెస్ పిల్లని అడిగింది.

"నువ్వే తోశావా?"

"తోశాను."

"ఎందుకు?"

"కోపం వచ్చింది."

"ఎందుకు వచ్చింది?"

ఫ్యూజు ఆమె కుర్చీ పక్కన నేల మీద మోకాళ్లేసి, "ఒక్క ముక్క చెప్పు అమ్మలూ. నన్ను తిట్టు, ఇంటికెళ్లాక కొట్టు, ఇక్కడ ఒక్క ముక్క చెప్పు" అన్నాడు. స్తంభాల మీద ఇరవై రెండేళ్లు బతికిన మనిషి. అలా వేడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాలని ఉందా?" హెడ్‌మిస్ట్రెస్ గొంతు తగ్గించి అడిగింది. సాయం చేద్దామనే అడిగింది, నాకు తెలుసు.

పిల్ల ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, లెక్క చేసేటప్పటిలాగా కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి.

"బుధవారం అయితే చెప్పేదాన్ని," అంది. "అప్పుడు మొత్తం చెప్పాలనిపించింది. రాసుకోవడానికి పుస్తకం లేకపోయినా బుర్రలోనే అంతా వరసగా పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. ఇప్పుడు వెతికితే లోపల ఏమీ లేదు."

అంతకంటే నిజం ఆ గదిలో ఎవరూ చెప్పలేదు. బల్లకి అటువైపు వాళ్లకి అది పొగరులా వినిపించింది. ఐదుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పన్నెండు కొట్టేలోపు పేరు కొట్టేశారు.

పది రోజుల తర్వాత కళ్లజోడు వాళ్లమ్మ ఎల్‌సీ పుస్తకం పట్టుకొచ్చింది. కూతురి సంచీ అడుగున దొరికిందట. గట్టిగా అడిగితే, కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ ఆ పిల్ల భోరుమని ఒప్పుకుందట. ఆ మంగళవారం కళ్లజోడు మా పిల్ల సంచీలోంచి పుస్తకం లాగి, క్లాసు మధ్యలో నిలబడి, గొంతు మార్చి మార్చి చదివింది. జడ పేజీ చదివింది, అందరూ నవ్వారు. పొగరు పేజీ చదివింది, ఇంకా నవ్వారు. చెంపదెబ్బ పేజీ కూడా చదివింది. మెట్ల దాకా చదువుతూనే వెళ్లిందట. సరదాకే అంది. సరదాకే అయ్యుంటుంది, పదిహేనేళ్ల పిల్ల.

ఫ్యూజు ఆ పుస్తకం పట్టుకుని స్కూల్‌కి పరిగెత్తాడు. హెడ్‌మిస్ట్రెస్ ప్రతి పేజీ చదివి, కళ్లు తుడుచుకుని, ఇది ఆ రోజే తెలిసుంటే అంది. పేర్ల జాబితా వెళ్లిపోయింది, ఇక తన చేతుల్లో ఏమీ లేదంది. తిరిగొచ్చాక అతను ఆ పుస్తకంలో చెంపదెబ్బ పేజీ తీసి, ఒక గంటసేపు దాని ముందు కూర్చున్నాడని అతని భార్య చెప్పింది. అలాంటి పేజీ ఒకటుందని అతనికి అప్పటిదాకా తెలీదు.

నేను రోజూ వాళ్లింటికి వెళ్తున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్తున్నానని అడక్కండి. వెళ్లకపోతే ఇంకా అన్యాయం అనిపిస్తుంది. ఫ్యూజూ అతని భార్యా నన్ను ఒక్క మాట అనలేదు. పిల్ల నేను రాగానే పుస్తకాలు తీసుకుని లేచి పోతుంది.

మొన్న ఆదివారం పగలు మాత్రం లేవలేదు. నేను వంటింట్లో ఆమె తల్లికి కూరలు తరిగి పెడుతున్నాను. ఫ్యూజు బల్ల దగ్గర కూర్చుని పిల్ల పుస్తకాలకి అట్టలు వేస్తున్నాడు, వచ్చే ఏడాదికి.

"నాన్నా."

ఆ పిలుపు విని మూడు వారాలయింది. అతని చేతిలో కత్తెర ఆగిపోయింది.

"నేను వాపసు ఇచ్చానని నీకు తెలీదు, సరే. కానీ ఆ మూడు రోజుల్లో తలుపు తట్టాలని నీకు ఒక్కసారి కూడా అనిపించలేదా?"

"గంటగంటకీ అనిపించిందే."

"మరి?"

ఫ్యూజు నోరు తెరిచాడు. జోడీ సంగతి చెబుతాడనుకున్నాను, నియమం అంటాడనుకున్నాను. రెండూ అనలేదు, కత్తెర బల్ల మీద పెట్టాడు. తల్లీ నేనూ తరగడం ఆపేసి నిలబడిపోయాం. పిల్ల లేచి వెళ్లలేదు. కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుని, మొహంలోకే చూస్తోంది. ఆమె చూపు తిప్పుకోలేదు, ఈసారి అతనూ తిప్పుకోలేదు.